క్రౌన్, పినియన్ మార్చాక కూత వస్తోందా? ముందు పంటి మీద ముద్ర చూడండి

వెనక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే గేర్ల జతే క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు). ఈ జత కొత్తది వేయించుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతారు. స్పీడు అరవై దాటగానే వెనక నుంచి ఈల లాంటి కూత మొదలవుతుంది. వెంటనే గేర్లే నాసిరకం అనుకుంటారు. నేను విప్పి చూసిన బండ్లలో ఎక్కువ వాటికి గేర్లు బాగానే ఉన్నాయి, బిగింపే తప్పు. చిక్కటి ఆయిల్ పోసి కూత అణచాలని చూడకండి, లోపల పళ్లు అరుగుతూనే ఉంటాయి. మళ్లీ విప్పాల్సిందే.

డయల్ గేజ్ (సన్నని కదలికను కొలిచేది), చిన్నదీ పెద్దదీ రెండు టార్క్ రెంచులు (ఎంత బిగించామో చూపేవి), బేరింగ్ పుల్లర్, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి లోహపు రింగులు), మార్కింగ్ పేస్ట్ (పళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూడటానికి రాసేది) ఉండాలి. పేస్ట్ పసుపుదే కొనండి, నీలం రంగు నల్లటి పంటి మీద సరిగా తేలదు. కొత్త బేరింగుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లేటప్పుడు పాతవి చేత్తో పట్టుకెళ్లండి.

ఆయిల్ దించి, యాక్సిల్స్ లాగి, బేరింగ్ క్యాపుల మీద కుడి, ఎడమ గుర్తులు పంచ్‌తో కొట్టాకే విప్పండి. ఆ క్యాపులు తారుమారు కాకూడదు. క్రౌన్ మీదా పినియన్ మీదా ఉన్న జత నంబరు ఒకటే కాకపోతే సెట్టు వాపసు ఇచ్చేయండి. క్రౌన్‌కి కొత్త బోల్టులు వేసి, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పినియన్ ఎంత లోతుకి కూర్చోవాలన్నది షిమ్ తేలుస్తుంది. చాలామంది పాత షిమ్మే వేసి మూసేస్తారు. అది కొలత మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. సెట్టు మారితే లోతు మారుతుంది. అందుకే పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కొంచెం సాన పట్టించి, చేత్తో ఎక్కించి తీసేలా ఉంచుకోండి. ఎన్నిసార్లు షిమ్ మార్చినా కొత్త బేరింగు పాడవదు. ఈ దశలో క్రష్ స్లీవ్ (పినియన్ నట్టు బిగిస్తే నలిగి, బేరింగుల బిగుతును నిలిపే గొట్టం) వేయకండి.

బ్యాక్‌లాష్, అంటే రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే వదులు, గేర్ల కంపెనీ ఇచ్చిన కాగితం ప్రకారం పెట్టండి. మామూలుగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఒక్కచోట చూసి సరిపెట్టకుండా క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. తర్వాత నాలుగైదు పళ్లకు పేస్ట్ పల్చగా రాసి, క్రౌన్‌కి చెక్క అడ్డుపెట్టి బరువు ఇస్తూ, పినియన్‌ని రెండు వైపులా తిప్పండి. బరువు లేకుండా తిప్పితే వచ్చే ముద్రను నమ్మొద్దు.

టార్చి వేసి చూడండి. పేస్ట్ చెరిగి లోహం మెరిసే చోటే ముద్ర. అది పంటి ఎత్తులో మధ్యన, బియ్యపు గింజలా పొడుగ్గా, అంచులు మెత్తగా కలిసిపోతూ ఉండాలి. ముద్ర పంటి కొనకు ఎక్కితే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదలుకు దిగితే మరీ దగ్గరైనట్టు. పినియన్ తలకీ లోపలి బేరింగుకీ మధ్య షిమ్ ఉండే హౌసింగుల్లో (గేర్లుండే పెట్టెల్లో), కొనకు ఎక్కితే షిమ్ పెంచాలి, మొదలుకు దిగితే తగ్గించాలి. మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మళ్లీ పెట్టుకుని, ముద్ర మళ్లీ తీయండి. ఐదారు సార్లయినా విసుక్కోకండి. గేజ్‌తో లోతు కొలిచే పద్ధతి కూడా ఉంది కానీ, నా లెక్కలో ఆఖరి మాట ముద్రదే. రెండు పళ్లు నిజంగా ఎక్కడ కలుస్తున్నాయో అది కళ్లకు చూపిస్తుంది.

ముద్ర కుదిరాక కొత్త బేరింగులు, క్రష్ స్లీవ్, సీలు వేయండి. పినియన్ నట్టు కొంచెం బిగించడం, పినియన్ తిప్పి ప్రీలోడ్ (బేరింగుల మీద ముందే పెట్టే బిగుతు) కొలవడం, మళ్లీ కొంచెం బిగించడం. హద్దు దాటితే నట్టు వెనక్కి తిప్పి సరిచేశామనుకోకండి. నలిగిన స్లీవ్ మళ్లీ సాగదు, ఇంకో కొత్తది వేయాలి.

ఇంత చేసినా శబ్దం వస్తే ఎప్పుడు వస్తోందో వినండి. ఎక్సలరేటర్ తొక్కినప్పుడే కూస్తే పినియన్ లోతు చూడండి. కాలు తీసినప్పుడే వస్తే పినియన్ ప్రీలోడ్ వదులైందేమో చూడండి. అన్ని వేళలా గరగర అంటే బేరింగులు. బండి కదిలేటప్పుడు టక్‌మంటే బ్యాక్‌లాష్ ఒక్కటే కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే షాఫ్ట్) క్రాసులు, అంటే దాని కీళ్లు కూడా చూడాలి.

గేర్ ఆయిల్‌లో జీఎల్-5 గ్రేడుదే పోయండి. మొదటిసారి పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి, హౌసింగ్ పూర్తిగా చల్లారేదాకా ఆపండి. 800 కిలోమీటర్ల దాకా బరువులు లాగించొద్దు, ఆ తర్వాత ఆయిల్ మార్చండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పొడి అంటుకుంటే మామూలే. గోటికి తగిలే ముక్క కనిపిస్తే బండి కదపకుండా కవర్ విప్పండి.