పొద్దున స్టార్ట్ కాని పాత డీజిల్ బండి: పంపు విప్పే ముందు చూడాల్సినవి

పాత ఇండికా, పాత సుమో లాంటి బండి పొద్దున మొరాయిస్తే ముందు వినిపించే మాట "పంపు పోయింది". దాంతో ఇంజిన్‌కు ఒత్తిడితో డీజిల్ అందించే ఆ పంపును విప్పేసి ఆటోనగర్‌లో డీజిల్ పంపు షాపుకు పట్టుకెళ్తారు. అలా వచ్చిన పంపుల్లో చాలావాటికి పరీక్షించే బెంచీ మీద ఏ లోపమూ కనిపించదు. అయినా సీళ్లు మార్చి, క్యాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేసి బిగించి పంపిస్తారు. వేలల్లో ఖర్చవుతుంది, మర్నాడు పొద్దున మళ్లీ అదే సమస్య.

ఇక్కడ చెప్పేదంతా రోటరీ పంపు (తిరుగుతూ ఒక్కో సిలిండర్‌కు వంతులవారీగా డీజిల్ పంచేది) ఉన్న బండ్ల గురించే. కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఒకే ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ వెళ్లే రకం) బండికి ఇది వర్తించదు. అందులో వెయ్యి బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేస్తే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ముందు పొగ చూడండి

దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చూడరు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోంది కానీ మండట్లేదని అర్థం. అప్పుడు హీటర్ ప్లగ్గులు (స్టార్టయ్యే ముందు ఇంజిన్ లోపల వేడి చేసేవి), బ్యాటరీ చూసుకోవాలి. పొగ ఆనవాలే లేకపోతే డీజిల్ నాజిళ్ల (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) దాకా రావట్లేదు. అప్పుడు పంపు మీదున్న స్టాప్ సోలనాయిడ్ (కీ ఆన్ చేస్తే డీజిల్ దారి తెరిచే కరెంటు వాల్వు) వైరు పీకి, కీ ఆన్ చేసి, మళ్లీ తగిలించండి. టిక్కుమని శబ్దం రావాలి. రాకపోతే వైరుకు 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు బయటికి వదిలేయండి. ఈ మూడూ చూడకుండా పానా పట్టుకోవద్దు.

రాత్రి ఆగితే పొద్దున సతాయించి, ఒకసారి స్టార్టయ్యాక రోజంతా బాగుంటే

ఇది ఎయిర్ పట్టడం. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే ఎక్కడా ఒక్క చుక్క కూడా కారదు. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగేది చాలా బండ్లలో ఈ పంపే. లాగే వైపు చిల్లు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. స్ట్రాకు చిల్లు పడితే కొబ్బరినీళ్లకు బదులు గాలి వచ్చినట్టే. బండి ఆగాక ఆ గాలి సందు చేసుకుని లైన్‌లో డీజిల్ మొత్తం ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపు ఖాళీ పైపును లాగుతూ ఉంటుంది.

ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఉన్న పైపును అందరూ చూస్తారు. నాజిళ్ల మధ్య ఒకదాని నుంచి ఇంకోదానికి పోయే సన్నటి రిటర్న్ పైపుల (మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపేవి) జోలికి మాత్రం ఎవరూ పోరు. పైన దారం అల్లిక ఉంటుంది, లోపల రబ్బరు. పైకి బాగానే కనిపిస్తుంది. చివర పట్టుకుని గోరుతో వంచి చూడండి. అల్లిక విడిపోయి, కింద రబ్బరు నెర్రెలు బారి, నల్లటి పొడి వేలికి అంటుకుంటే దొంగ దొరికినట్టే. ఒక్కటి పాడైతే అన్నీ మార్చండి, చివరి నాజిల్ మీద ఉండే మూత గొట్టంతో సహా. మీటర్ల లెక్కన దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఉండదు.

అనుమానం తీరాలంటే బాటిల్ పరీక్ష చేయండి. శుభ్రమైన డీజిల్ పోసిన బాటిల్‌ను పంపు కంటే ఎత్తులో, సైలెన్సర్ వేడికి దూరంగా కదలకుండా కట్టండి. పంపు ఇన్‌లెట్‌కు అందులోంచి పారదర్శక పైపు వేయండి. రిటర్న్ కూడా అదే బాటిల్‌లోకి తిప్పండి. ఎయిర్ తీసి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా నడిపి, ఆపి రాత్రంతా వదిలేయండి. పొద్దున మొదటి సెల్ఫ్‌కే అందుకుంటే పంపు జోలికి పోకండి. తర్వాత ఒక్కోటి పాత చోట కలుపుతూ రండి: ముందు రిటర్న్, తర్వాత ఫిల్టర్, ఆఖరికి ట్యాంకు లైను. ఏది కలిపినప్పుడు బుడగలు మళ్లీ మొదలైతే తప్పు అక్కడే. ఫిల్టర్ దగ్గరైతే రబ్బరు ఓ-రింగు, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది), బాంజో బోల్టు (లోపలి నుంచి డీజిల్ పోయే బోలు బోల్టు) రాగి వాషర్లు చూడండి. విప్పిన వాషరును మళ్లీ వాడొద్దు.

పొద్దున పంపు పై మూత తడిగా ఉంటే

పంపు సీళ్లు పోయాయి. దేశమంతా 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (కాలుష్య ప్రమాణాలు) డీజిల్ వచ్చింది. గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గింది. గంధకం తీసే ప్రక్రియలో ఆరోమాటిక్స్ అనే పదార్థాలు కూడా తగ్గుతాయి. పాత రబ్బరు సీళ్లను ఉబ్బించి బిగువుగా ఉంచేవి అవే. అందుకే ముసలి సీళ్లు కుదించుకుపోతాయి. వైటాన్ (డీజిల్‌ను తట్టుకునే రబ్బరు) సీళ్ల కిట్ వేయిస్తే చాలు, పంపు మార్చనక్కర్లేదు.

చల్లగా ఉంటే స్టార్టయి, వేడెక్కి ఆగితే మళ్లీ అందుకోకపోతే

ఇది నిజంగా పంపు జబ్బే. పంపు లోపల ఒత్తిడి పుట్టించే హెడ్, ప్లంజర్ అరిగితే వేడికి పల్చబడ్డ డీజిల్ సందుల్లోంచి జారిపోతుంది, ఒత్తిడి రాదు. ఇంజిన్ ఆపి పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారాక స్టార్టయితే సందేహం అక్కర్లేదు. ఈ పంపుకు డీజిలే కందెన. కిరోసిన్ కలిసిన డీజిల్, నీళ్లు దాని ఆయుష్షు తినేస్తాయి.

మార్చేటప్పుడు అదే పార్ట్ నంబరున్నది, టెస్ట్ బెంచీ మీద క్యాలిబ్రేట్ చేసింది తీసుకోండి. టైమింగ్ మార్కులు కలిపి వదిలేయకుండా డయల్ గేజ్‌తో టైమింగ్ (డీజిల్ చిమ్మే క్షణం) కొలిపించండి. ఇంకోటి, రిటర్న్ బాంజో బోల్టు లోపల సన్నటి రంధ్రం ఉంటుంది, తల మీద "అవుట్" అని ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని ఇన్‌లెట్‌కు మార్చి బిగిస్తే కొత్త పంపుకు కూడా పికప్ ఉండదు.

ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోవడం, ట్యాంకు లోపల డీజిల్ లాగే గొట్టం పగలడం అరుదు. బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతే మూత వదులు చేసి చూడండి, అంతకంటే దాని వెంట పడొద్దు.