పాత షెవ్రొలే క్యాబ్-ఓవర్ ట్రక్కు: కొనడం, బాగుచేయడం, కొత్త చాసిస్ మీద కూర్చోబెట్టడం

రెండో ప్రపంచయుద్ధం తర్వాత షెవ్రొలే అమెరికాలో ‘అడ్వాన్స్ డిజైన్’ పేరుతో తెచ్చిన లారీల్లో, ఇంజన్ మీదే క్యాబిన్ కూర్చున్న రకం ఒకటుంది. 1948 మోడల్‌తో మొదలై 1950ల నడిమి దాకా వచ్చిన ఈ లోడ్‌మాస్టర్లకు 5100, 5400, 5700 అని అంకెలుంటాయి. వీల్‌బేస్ వరసగా సుమారు 110, 134, 158 అంగుళాలు. ఎత్తైన మొహం, పొట్టి ముక్కు, 1953 దాకా రెండు ముక్కల ముందద్దం వీటి గుర్తులు. ఇప్పుడు వీటిని ఎక్కువగా కార్లు మోసే ర్యాంప్ ట్రక్కులుగా మలుచుకుంటున్నారు. అమెరికాలో ఉంటూ ఇలాంటి బండి మీద చేయి వేద్దామనుకునే తెలుగువాళ్ల కోసం ఈ వివరాలు.

కొనే రోజు చూడాల్సింది

తుప్పు చూసి బండిని వదిలేయకండి, ఇంజన్ తిరుగుతోందని కొనేయకండి. ముందు చూడాల్సింది క్యాబ్-ఓవర్‌కి మాత్రమే ఉండే భాగాలు ఉన్నాయా లేదా అని. క్యాబిన్ వెనక మూలలు, వెనక గోడ, హ్యాండిళ్లు, అద్దాల రబ్బర్లు లాంటివి చాలావరకు అదే కాలపు బానెట్ లారీలతో కలుస్తాయి. ఆ లారీలు లక్షల్లో అమ్ముడయ్యాయి కాబట్టి వాటి షీట్లు ఇప్పటికీ కొత్తగా అచ్చుపోసి అమ్ముతున్నారు. ముందు ఫెండర్లు, గ్రిల్, ముక్కు, మెట్లు, ఇంజన్ మీది మూత, దాని చుట్టూ ఉండే ఫ్లోరు షీట్లు, గేరు లింకేజి మాత్రం వేరే. వీటిలో ఒక్కటి పోయినా విడిభాగాల కోసం ఇంకో పాడైపోయిన బండి కొనాలి, లేదా చేత్తో తయారు చేయించాలి. మూలలు గుల్లబారినా ఈ భాగాలన్నీ ఉన్న బండి, షోకుగా కనిపిస్తూ గ్రిల్, మెట్లు లేని బండి కంటే చవకలో పూర్తవుతుంది.

తుప్పు కోసం స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాల్సిన చోట్లు: క్యాబిన్ వెనక కింది మూలలు, తలుపు కీళ్ల స్తంభాల అడుగు, ముందద్దం కింద అడ్డంగా ఉండే రేకు (కౌల్) లోపలి మూలలు, తలుపుల అడుగు మడత, పైకప్పు నీటి కాలువ. కౌల్ దగ్గర చాప తీసి కింద చేయి పెట్టి తడమండి. పైన పెయింటు బాగానే ఉండి లోపల జల్లెడ అయిపోయేది అక్కడే.

కాగితాలు డబ్బు చేతులు మారకముందే సరిచూడాలి. ఆ కాలంలో కొన్ని రాష్ట్రాలు ఇంజన్ నంబరు మీదే టైటిల్ (యాజమాన్య పత్రం) ఇచ్చాయి. ఇంజన్ మారిపోయిన బండిలో టైటిల్ మీది నంబరు ఎక్కడా కనపడదు. క్యాబిన్ మీది నంబరు ప్లేటును పెయింటు కోసమైనా సరే మీ అంతట మీరు పీకొద్దు. చాసిస్ మార్చే ఆలోచన ఉంటే, మార్పు తర్వాత ఏ తనిఖీ కావాలో మీ రాష్ట్ర మోటారు వాహనాల శాఖను ముందే అడగండి.

ఉన్నదున్నట్టు నడపాలంటే

పాత 235 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్ గట్టిదే గానీ, 1953 దాకా లారీల్లో వచ్చినదాని నూనె పద్ధతి వేరు. కనెక్టింగ్ రాడ్ల కింద ఉండే చిన్న చెంచాలు తొట్లలోని నూనెను ఎగజిమ్ముతాయి. బేరింగులు బాబిట్ అనే మెత్తని లోహంతో పోతపోసినవి. అందుకే నూనె ముల్లు 15 పీఎస్ఐ దగ్గర నిలబడితే భయపడక్కర్లేదు, ఆ ఇంజన్ తీరే అంత. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌కు కొత్త డిటర్జెంట్ ఆయిల్ పోసి స్టార్ట్ చేయడం మాత్రం ప్రమాదం. అడుగున పేరుకున్న మడ్డి కదిలి తొట్లకు వెళ్లే గొట్టాల్లో అడ్డం పడుతుంది, రాడ్ బేరింగ్ పోతుంది. ముందు ఆయిల్ పాన్ దించి తొట్లు, గొట్టాలు, పంపు జల్లెడ శుభ్రం చేయండి.

బిగుసుకుపోయిన ఇంజన్ అయితే ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి రెండు చెంచాలు పోసి వారం నానబెట్టండి. అసిటోన్ ఆవిరికి నిప్పు తగలనివ్వకండి. తర్వాత క్రాంక్ పుల్లీ దగ్గర చేత్తో అటూ ఇటూ కదపాలి. సెల్ఫ్ మోటారుతో బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. సిలిండర్లు వెలిగే వరస (ఫైరింగ్ ఆర్డర్) 1-5-3-6-2-4.

వేగం విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. వెనక ఇరుసు గేర్లు 6.17 నిష్పత్తివి అయితే, 38 అంగుళాల టైరుతో 2,800 ఆర్‌పీఎం దగ్గర గంటకు సుమారు 80 కిలోమీటర్లే వస్తుంది. అంతకుమించి గంటల తరబడి తిప్పితే బాబిట్ ఓర్చుకోదు. హైవే మీద కార్లు మోయాలనుకుంటే రెండో దారే పట్టండి, అంటే క్యాబిన్‌ను కొత్త చాసిస్ మీద కూర్చోబెట్టడం.

బండి ఏ దారిన వెళ్లినా పాత డ్రమ్ములు తెరిచినప్పుడు, క్లచ్ దించినప్పుడు గాలి కొట్టి దుమ్ము దులపొద్దు. అది ఆస్‌బెస్టాస్. తడిపి తుడవాలి. పాత పెయింటులో సీసం ఉంటుంది కాబట్టి గీకేటప్పుడు పీ100 మాస్కు తప్పనిసరి.

కొత్త చాసిస్ ఎంచుకోవడం

మా లెక్కలో అన్నిటికంటే తేలికగా కుదిరేది 1991 నుంచి వచ్చిన షెవ్రొలే సీ3500హెచ్‌డీ. దానికి ముందు ఐ-బీమ్ ఇరుసు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 19.5 అంగుళాల ట్యూబ్‌లెస్ చక్రాలు ఉంటాయి. మొత్తం బరువు అనుమతి 15,000 పౌండ్లు, అంటే సుమారు 6,800 కిలోలు. పికప్ చాసిస్‌లా వంపులు తిరగకుండా ఫ్రేము వెనక భాగం తిన్నగా పోతుంది కాబట్టి బాడీ కట్టడం సులువు. డీజిల్ కావాలంటే 1994–98 డాడ్జ్ ర్యామ్‌లో వచ్చిన 12 వాల్వుల కమిన్స్ 5.9 లీటర్ల ఇంజన్ అందరూ వెతికేది. ఇంజెక్షన్ పంపు పూర్తిగా మెకానికల్, వైరింగ్ దాదాపు లేనట్టే. ఇంజన్ ఒక్కటే సుమారు 500 కిలోలు ఉంటుంది, ముందు కమాన్ పట్టీలు దానికి తగ్గవి ఉండాలి.

చాసిస్ కొన్నాక దాని క్యాబిన్ వెంటనే పీకేయకండి. పెడల్ ఎత్తు, స్టీరింగ్ బాక్స్ నుంచి కాలమ్ కోణం, రేడియేటర్ కింది అంచు నేలకు ఎంత ఎత్తులో ఉంది, ఇరుసు మధ్యగీత నుంచి ఇంజన్ ముందు పుల్లీ దాకా ఎంత, ఇవన్నీ కొలిచి రాసుకోండి. ఒకసారి విప్పాక ఈ కొలతలు మళ్లీ దొరకవు.

క్యాబిన్ ఎక్కించడం

పని గెలిచేదీ ఓడేదీ ఇక్కడే, తొందరపడొద్దు. సమతలమైన గచ్చు మీద చాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద కాదు, దాని చక్రాల మీదే నిలబెట్టండి. ఇంజన్, గేర్‌బాక్స్ చాసిస్‌లో ఉండాలి. వెనక రాబోయే బాడీ బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేయండి. ఖాళీ చాసిస్ మీద కొలిచి వెల్డ్ చేస్తే, బాడీ వేశాక పట్టీలు అణిగి టైరు ఫెండర్ గుండ్రంలో ఒక పక్కకు జరిగి కనపడుతుంది. కంటికి అర అంగుళం తేడా కూడా తెలిసిపోతుంది.

క్యాబిన్‌ను గొలుసులతో పైనుంచి వేలాడదీసి, మేస్త్రీలు వాడే తూకపు గుండు ఫెండర్ గుండ్రం మధ్య నుంచి వదిలి, అది ఇరుసు మధ్యకు తగిలేదాకా జరపండి. రసమట్టం ఫ్రేము మీద ఒకటి, తలుపు గడప మీద ఒకటి పెట్టి రెండూ ఒకే తీరుగా చూపేలా సరిచేయండి. ఈ స్థితిలో ఇంజన్ వెనక సగం క్యాబిన్ లోపలికి వచ్చేస్తుంది. పాత మూత సరిపోదు. దాన్ని వెడల్పు, ఎత్తు పెంచి మళ్లీ కట్టాలి.

మూత కట్టేముందు ఒక పరీక్ష చేయండి. క్యాబిన్ అలాగే ఉండగా ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారు, వాటర్ పంపు ఒక్కొక్కటీ నిజంగా విప్పి బయటికి తీయండి. ఈ షెవ్రొలే క్యాబిన్ ఈ కాలపు లారీల్లా ముందుకు వాలదు. చేయి దూరని చోట ఇప్పుడే తీసే మూత పెట్టుకోకపోతే, రేపు రోడ్డు మీద ఒక ప్లగ్గు కోసం సీటు, ఫ్లోరు విప్పాల్సి వస్తుంది.

క్యాబిన్‌ను ఫ్రేముకు నేరుగా వెల్డ్ చేయకూడదు. లారీ ఫ్రేము గుంతల్లో మెలి తిరగడానికే పుట్టింది. ఆ మెలిక క్యాబిన్‌కు చేరితే ముందద్దం స్తంభాల దగ్గర షీటు చీలుతుంది, తలుపులు ఒరుసుకుంటాయి. ముందు రెండు రబ్బరు మౌంట్లు, వెనక కాస్త ఊగే షాకిల్ పెట్టండి. పాత క్యాబిన్ పద్ధతి కూడా ఇదే.

రేడియేటర్ కింద ఇరుకులో ఉంటుంది కాబట్టి ష్రౌడ్ (ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు) తప్పనిసరి. ఫ్యాను రెక్కలు సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. రేడియేటర్ కోర్‌కి 25 మిల్లీమీటర్ల ఎడం వదలండి. గాలి పక్కల నుంచి తప్పించుకునే సందులన్నీ రబ్బరు పట్టీలతో మూయండి. పెద్ద రేడియేటర్ పెట్టినా వేడెక్కుతోందంటే చాలాసార్లు తప్పు ఈ సందులదే.

రేకు పని

ఫ్లోరు కోసేముందు తలుపు సందుల్లో అంగుళం చతురస్రపు పైపును అడ్డంగానూ ఐమూలగానూ వెల్డ్ చేసి క్యాబిన్‌ను బిగించండి. అలా చేయకుండా కోస్తే క్యాబిన్ వాలిపోతుంది, తలుపు మళ్లీ పడదు. రెండు పక్కలూ ఒకేసారి కోయొద్దు. ఒక పక్క పూర్తయ్యాక రెండోది. కొత్త ముక్క పెట్టాక ట్యాక్‌ల (చుక్క వెల్డుల) మీదే తలుపు తగిలించి చూడండి, చుట్టూ సందు 5 మిల్లీమీటర్లు సమంగా వచ్చాకే పూర్తి వెల్డింగ్.

18 గేజి షీటుకు 0.6 మిల్లీమీటర్ల మిగ్ వైరు, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. ట్యాక్‌లు అంగుళం ఎడంతో వేసి, ఒక్కోటీ చల్లారనిచ్చి, వాటి మధ్య ఎదురెదురు చోట్ల నింపుతూ పోవాలి. వరసగా లాగితే రేకు ఉబ్బుతుంది, తర్వాత పుట్టీ ఎంత పెట్టినా ఎండలో ఆ అల కనిపిస్తుంది. ఫ్రేముకు ఇసుక బ్లాస్టింగ్ మంచిది. పైకప్పు, తలుపుల లాంటి చదును రేకులకు వద్దు. ఇసుక దెబ్బలకు పైపొర సాగి రేకు వంకర పోతుంది. వాటికి రసాయనం గానీ 80 నంబరు డిస్కు గానీ.

నగ్నంగా ఉన్న రేకు మీద అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. సీమ్ సీలర్ ఎపాక్సీ మీదే పూయాలి, ఖాళీ రేకు మీద కాదు. అప్పటి మామూలు ఫ్యాక్టరీ రంగు ఫారెస్టర్ గ్రీన్. దానికి ఈనాటి రెండు భాగాల పెయింటులో సరిపోయే షేడ్ కలిపించుకోవచ్చు. 1953 దాకా వచ్చిన ముందద్దాలు చదునువి కాబట్టి ఏ అద్దాల కొట్లోనైనా పావు అంగుళం లామినేటెడ్ గాజుతో కోయిస్తారు. మూల అద్దాలున్న ఐదు కిటికీల క్యాబిన్ అయితే ఆ వంపు అద్దాలను మాత్రం ప్రాణంలా దాచుకోండి.

చక్రాలు, బ్రేకులు, స్టీరింగ్

పాత 20 అంగుళాల చక్రాల్లో ఫైర్‌స్టోన్ ఆర్‌హెచ్5 అని ముద్ర ఉన్న రిమ్ము కనిపిస్తే దానిలో గాలి కొట్టొద్దు. నడుమ రెండుగా విడిపోయే ఆ రిమ్ములు గాలి నింపేటప్పుడు పేలి మనుషుల్ని చంపాయి. వాల్వ్ పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలాకే చక్రం విప్పండి. పాత ఇరుసులే ఉంచుకుంటే బోల్టు రంధ్రాలు కొలిచి (5 రంధ్రాలు 8 అంగుళాల వృత్తంలో, లేదా 6 రంధ్రాలు 8.75 వృత్తంలో ఉంటాయి) ట్యూబ్‌లెస్ రిమ్ము ఎంచుకోండి. 8.25-20 టైరుకు సాటి 9ఆర్22.5 ట్యూబ్‌లెస్ టైరు.

మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద పెడితే బ్రేకు నూనె కాలిపర్ల నుంచి వెనక్కి జారి, మొదటి తొక్కుడుకు పెడల్ కిందికంటా పోతుంది. డిస్క్ లైన్లో 2 పీఎస్ఐ, డ్రమ్ లైన్లో 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వు పెట్టాలి. రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ తప్ప ఇంకేదీ వాడొద్దు.

డ్రైవరు దాదాపు ఇరుసు మీదే కూర్చుంటాడు గనుక కాలమ్ నిటారుగా దిగుతుంది. ఒక్కో జాయింటు వంపు 35 డిగ్రీలు దాటకూడదు. మూడు జాయింట్లు వాడితే నడుమ షాఫ్టుకు ఆధార బేరింగ్ ఉండి తీరాలి, లేకపోతే స్టీరింగ్ తిప్పినప్పుడు షాఫ్టు ఎగిరెగిరి పడుతుంది.

వైర్లు, వేడి

పాత షెవ్రొలేలో 6 వోల్టులు, నెగటివ్ ఎర్త్. అదే శక్తికి 12 వోల్టుల కంటే రెట్టింపు కరెంటు పారుతుంది కాబట్టి 6 వోల్టులే ఉంచుకునేవాళ్లు బ్యాటరీ కేబుల్ 1/0 లేదా 2/0 మందం వేయాలి. సెల్ఫ్ నీరసంగా తిరగడానికి సన్నని కేబులే మామూలు కారణం. 12కు మారిస్తే బల్బులు, కాయిల్, హీటర్ మోటారు మార్చి, డీజిల్ లేదా పెట్రోలు గేజికి వోల్టేజి తగ్గించే ముక్క పెట్టాలి. క్యాబిన్ రబ్బరు మీద కూర్చుంటుంది కనుక క్యాబిన్ నుంచి ఫ్రేముకు, ఇంజన్ నుంచి ఫ్రేముకు విడివిడి ఎర్త్ పట్టీలు వేయండి.

ఇంజన్ మూత లోపలి వైపు బ్యూటైల్ షీటు, దాని కింద అల్యూమినియం పూత ఉన్న సిరామిక్ దుప్పటి, అంచులకు రబ్బరు సీలు. సీలులో చిన్న సందు ఉన్నా పొగ నేరుగా మీ ముక్కులోకి వస్తుంది.

భారతదేశంలో చాసిస్ మార్చే ఈ రెండో దారి కుదరదు. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. 2021 వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, కార్లకే. ఇంటి దగ్గర పాత లారీ ఉంటే ఉన్నదున్నట్టు బాగుచేయడమే దారి.

రోడ్డెక్కే ముందు

ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివరల కోణాలూ సమానంగా, ఒక్కోటీ 1 నుంచి 3 డిగ్రీల లోపు ఉండాలి. బండిని ట్రక్ స్టాపులో కాటా వేయించి ముందు, వెనక ఇరుసుల బరువు విడివిడిగా రాయించుకోండి. ఖాళీగానూ, కారు ఎక్కించాకానూ రెండుసార్లు వేయించాలి. ముందు ఇరుసు బరువు దాని అనుమతిలో ఉందో లేదో, టైరు మీద రాసిన బరువు సరిపోతుందో అప్పుడే తేలుతుంది. చక్రాల నట్లు మొదటి 50 మైళ్లకు ఒకసారి, 500 మైళ్లకు ఇంకోసారి టార్క్ రెంచితో బిగించండి. క్యాబిన్ మౌంట్లు, యూ-బోల్టులు కూడా అప్పుడే చూడండి, కొత్త రబ్బరు, కొత్త పెయింటు అణిగి అవే ముందు వదులవుతాయి.