బీట్ కోసం డప్పు రికార్డు చేసే ముందు జాగ్రత్తలు

☐ డప్పును సెగకు కాచాకే మైకు ముందుకు తేవాలి. చల్లారేకొద్దీ చర్మం వదులై శ్రుతి దిగుతుంది. మొదటి టేకూ పదో టేకూ ఒకే బీట్‌లో పెడితే రెండు వేర్వేరు డప్పుల్లా వినిపిస్తాయి. ప్రతి టేకు ముందు ఒక దెబ్బ కొట్టించి, మొదటిదానితో పోల్చండి. తేడా వస్తే మళ్లీ కాచండి. ముసురు రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

☐ ఫ్యాను, ఏసీ ఆపేయండి.

☐ మైకు రెండు మూడడుగుల దూరంలో, కాస్త పక్కకు.

☐ కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు వెళ్లే కరెంటు), స్పీకర్లు ఆఫ్‌లో ఉండాలి.

☐ రికార్డింగ్ సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. వాయించే మనిషిని వీలైనంత గట్టిగా కొట్టమని అడిగి, పీక్ (మీటరులో కనిపించే అత్యధిక స్థాయి) మైనస్ 10 డీబీ దాటకుండా గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే నాబ్) పెట్టండి. ఊపులో ఇంకా గట్టిగా పడతాయి. ఒకసారి క్లిప్ అయితే (స్థాయి పరిమితి దాటి శబ్దం చిట్లితే) తర్వాత బాగుచేయడం కష్టం.

☐ క్లిక్ (తాళం తప్పకుండా వినిపించే టిక్ టిక్ శబ్దం) చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌లోనే, తక్కువ వాల్యూమ్‌లో వినిపించండి. లేకపోతే అదీ మైకులో పడుతుంది.

☐ విడి దెబ్బలకు క్లిక్ వద్దు. ఒక్కోటి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా నాలుగేసిసార్లు తీసుకోండి. మోత పూర్తిగా ఆగేవరకు ఎవరూ కదలకూడదు. ఒకే శాంపిల్‌ను (రికార్డు చేసిన విడి దెబ్బను) పదేపదే వాడితే మిషన్ కొట్టినట్టుంటుంది.

☐ ఫైలు పేరులో బీపీఎం (నిమిషానికి ఎన్ని తాళం దెబ్బలో) రాయండి.