సూపర్‌హీరో కామిక్‌లో గోముఖవ్యాఘ్రాన్ని రాయడం ఎలా?

సూపర్‌హీరో కామిక్ రాయబూనిన కొత్తవారు చాలామంది కపటపాత్రను ఒక మలుపుగా మాత్రమే చూస్తారు. చివరి పేజీలో ముసుగు తొలగిస్తే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ముసుగు తొలగించడం సులభం. వేషం వేసినవాడు ఆ వేషానికి ఎలా అలవాటు పడ్డాడో, ఎవరి కోసం బయలుదేరి చివరికి ఎవరి పక్షాన తేలాడో నమ్మేలా చూపించడమే కష్టం. మార్వెల్ సంస్థ 1997లో ప్రారంభించిన ‘థండర్‌బోల్ట్స్’ ఈ విద్యకు మంచి నమూనా కాబట్టి దానినే ఎదురుగా పెట్టుకొని చూద్దాం. ఆ కథలోని గుట్టు ఇక్కడ బయటపడుతుంది. చదవదలచినవారు ముందు చదివి రావడం మేలు.

మొదట, పన్నాగాన్ని ఒకటి రెండు వాక్యాల్లో రాసుకోండి. ఎవరు, ఎవరిని, ఏమని నమ్మించి, ఏం సాధించాలనుకుంటున్నారో అందులో ఉండాలి. రచయిత కర్ట్ బ్యూసిక్, చిత్రకారుడు మార్క్ బ్యాగ్లీ ఎంచుకున్న పన్నాగం చాలా సూటిగా ఉంటుంది: అవెంజర్స్, ఫెంటాస్టిక్ ఫోర్ చనిపోయారని లోకమంతా అనుకుంటున్న వేళ, బారన్ జీమో అనే దుష్టుడు తన ముఠాకు కొత్త పేర్లు, కొత్త దుస్తులు తొడిగి, ఖాళీ అయిన వీరుల స్థానంలో నిలబెడతాడు. ప్రజల నమ్మకం దొరికితే ప్రభుత్వ రహస్యాలు దొరుకుతాయి, రహస్యాలు దొరికితే ప్రపంచమే దొరుకుతుందన్నది అతని లెక్క. పన్నాగాన్ని ఇంత తేలికగా చెప్పలేకపోతే దాన్ని మళ్లీ అల్లుకోవాలి.

రెండవది, గుట్టు పాఠకుడికి ఎప్పుడు తెలియాలో నిర్ణయించుకోండి. ‘థండర్‌బోల్ట్స్’ మొదటి సంచిక చివరిదాకా దాచి, బృందానికి నాయకుడైన సిటిజన్ వి అనే వీరుడి ముసుగు వెనుక ఉన్నది జీమో అని అప్పుడు బయటపెడుతుంది. అంతకుముందే ‘హల్క్’ 449వ సంచికలో ఈ బృందం కొత్త వీరులుగానే కనిపించడంతో పాఠకులు కూడా కథలోని ప్రజల్లాగే మోసపోయారు. డీసీ సంస్థవారి ‘టీన్ టైటన్స్’లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ దీనికి ఎదురుదారి పట్టారు. టెర్రా అనే అమ్మాయి శత్రువు డెత్‌స్ట్రోక్ పంపిన గూఢచారి అని తోటి వీరులకంటే ముందే పాఠకుడికి చెప్పేశారు. మొదటి దారిలో ఆశ్చర్యం ఒక్కసారే దొరుకుతుంది, రెండవ దారిలో ఆందోళన సంచిక తరువాత సంచిక పెరుగుతుంది. కొత్తవారికి నేను రెండవ దారినే సూచిస్తాను.

మూడవది, పాఠకుడితో న్యాయంగా ఆడండి. మాటల బుడగలో పాత్ర ఎంతైనా అబద్ధం ఆడవచ్చు, కానీ ఆలోచనల బుడగలో అబద్ధం రాస్తే అది రచయిత చేసిన మోసమవుతుంది. అందుకే కపటపాత్ర మనసును తెరవకుండా, రెండు అర్థాలు వచ్చే మాటలు పలికించాలి. దుస్తులు కూడా మాట్లాడతాయి: అసలు సిటిజన్ విని రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చంపినది జీమో తండ్రే. తండ్రి చంపిన వీరుడి పేరునే కొడుకు తగిలించుకోవడంలోని విషం మళ్లీ చదివినవాడికే ఎక్కుతుంది.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది: అబద్ధం దిశ ఎప్పుడు మారుతుందో గుర్తించండి. మొదట్లో పాత్ర లోకానికి అబద్ధం చెప్పి ముఠాకు నిజం చెబుతుంది. ఏ రోజు ముఠాకే అబద్ధం చెబుతుందో ఆ రోజే విధేయత మారినట్టు, తనకు ఆ సంగతి తెలియకపోయినా సరే. ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. కూలిన భవనం నుంచి దొంగ వీరుడు ఒక పిల్లవాణ్ణి బయటికి తెస్తాడు. కెమెరాలవాళ్లు వెళ్లిపోతారు. తరువాతి గడిలో మాటలు లేవు. అతను మోకాలి మీద కూర్చుని, దుమ్ముకొట్టుకుపోయిన ఆ పిల్లవాడి బూటు లేసు కడుతుంటాడు. పేజీ తిప్పితే నాయకుడు అడుగుతాడు: “ఇంత ఆలస్యం ఎందుకైంది?” “కెమెరాలు ఇంకా ఉన్నాయనుకున్నాను” అంటాడు మనవాడు. ఈ ఒక్క సమాధానం పశ్చాత్తాపం మీద రాసిన పేజీడు ఉపన్యాసానికి సమానం, ఇంకా చెప్పాలంటే దానికంటే మెరుగు.

అలాంటి సందర్భాలు పుట్టాలంటే ముఠాలోకి అమాయకంగా నమ్మే మనిషిని పంపాలి. ‘థండర్‌బోల్ట్స్’ నాలుగవ సంచికలో జోల్ట్ అనే అమ్మాయి ఆ పని చేస్తుంది. తల్లిదండ్రులను పోగొట్టుకొని వచ్చిన ఆమె వీరిని నిజమైన వీరులనే నమ్ముతుంది, ఆ నమ్మకం ముందు నటన కొనసాగించడం మిగతావారికి రోజురోజుకూ కష్టమవుతుంది.

ఇక ఫిరాయింపు. అందరూ ఒకే కారణంతో ఒకేసారి మారితే అది భజన బృందమవుతుంది. జీమో తన అసలు రూపం చూపినప్పుడు ముఠాలో చాలామంది అతనికి ఎదురు తిరుగుతారు, కానీ ఎవరి లెక్క వారిదే. సాంగ్‌బర్డ్‌కు తొలిసారి దొరికిన గౌరవం కావాలి. మూన్‌స్టోన్ వృత్తిరీత్యా మనసుల వైద్యురాలు, ఎవరి బలహీనత ఎక్కడుందో పట్టేసే మనిషి. ఆమె ఎంతవరకు మారిందో, ఎంతవరకు గాలివాటం చూసుకుందో చాలాకాలం తేలదు. నా దృష్టిలో ఆ బృందంలో ఆమెదే ఉత్తమ పాత్ర. ఒకప్పుడు బీటిల్‌గా తిరిగిన మాక్-1 పాత హత్యానేరానికి తానే జైలుకు వెళ్లవలసి వస్తుంది. మంచివైపు వచ్చిన పాత్రకు పాత బాకీ తప్పకూడదు. ఒక కన్నీటి బొట్టుతో ఖాతా మూసేస్తే పాఠకుడు ఒప్పుకోడు. మారకుండా ఉండిపోవడమూ ఒక మార్గమే: టెర్రా చివరిదాకా మారదు, తాను కూల్చుకున్న బండల కిందే చనిపోతుంది.

స్క్రిప్టును చిత్రకారుడికి ఇచ్చేముందు ఎర్ర పెన్సిల్ పట్టుకొని మొదటి నుంచి చదవండి. కపటపాత్ర అబద్ధం చెప్పిన ప్రతిచోటా, అది ఎవరికి చెప్పిందో అంచున ఒక్క మాటలో రాయండి. ఆ అంచులో చివరి పేజీ వరకూ ఒకే పేరు కనిపిస్తే నాలుగవ దశకు తిరిగి వెళ్లండి.