వైద్యానికి ఒప్పుకోని మానసిక రోగిని ఆసుపత్రిలో చేర్చాలంటే: చట్టం చెప్పే దారి, గడువులు

రోగం ముదిరినా ఆసుపత్రికి రానంటున్న మనిషిని చేర్పించడానికి ఇంట్లోవాళ్ల సంతకం ఒక్కటే చాలదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఇందుకు కొన్ని దారులు మాత్రమే ఇచ్చింది, ప్రతి దారికీ షరతులూ గడువులూ పెట్టింది. మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక సమస్యలకూ ఇదే చట్టం.

ముందుగా తేల్చాల్సింది రోగం పేరు కాదు, తన చికిత్స గురించి ఆ మనిషి తానే నిర్ణయించుకోగలడా అన్నది. చెప్పిన సంగతి అర్థమవుతోందా, వైద్యం చేయించుకుంటే ఏమవుతుందో, మానేస్తే ఏమవుతుందో తెలుస్తోందా, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలడా అని డాక్టరు చూస్తారు. మందులు వద్దనడం ఇంట్లోవాళ్లకు తప్పుగా తోచవచ్చు. అంతమాత్రాన నిర్ణయించుకునే శక్తి లేదని రాయకూడదని 4వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

శక్తి ఉండి, ఒప్పుకుంటే అది స్వతంత్ర అడ్మిషన్ (86వ సెక్షన్). వెళ్లిపోతానన్నప్పుడు పంపాలి. ప్రాణహాని వంటి కారణాలు కనిపిస్తే మాత్రం, పరీక్ష చేయడానికి 24 గంటల వరకు ఆపవచ్చు.

ఒప్పుకోనప్పుడు వర్తించేది 89వ సెక్షన్. దీనికి దరఖాస్తు చేయాల్సింది నామినేటెడ్ ప్రతినిధి, అంటే రోగి తరఫున నిలబడే మనిషి. రోగి బాగున్న రోజుల్లోనే మామూలు కాగితం మీద ఈ పేరు రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. రాయకపోతే బంధువు, తర్వాత సంరక్షకుడు, ఆ తర్వాత మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు (ఇలాంటి అడ్మిషన్లను సమీక్షించే సంస్థ) నియమించినవారు ఆ బాధ్యత తీసుకుంటారు. ఆస్తి తగాదాలూ దాంపత్య గొడవలూ ఉన్న ఇళ్లలో ఈ కాగితం ఎంత ముందుగా రాస్తే అంత మంచిది. ఎవరు ప్రతినిధి అన్న పేచీ అడ్మిషన్ రోజునే మొదలైతే చికిత్స ఆగిపోతుంది.

చేర్చే రోజున గానీ, అంతకు ముందు ఏడు రోజుల్లో గానీ ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు. రోగి ఇటీవల తనకు తాను హాని చేసుకోబోయాడనో, ఎదుటివారిపై దాడికి దిగాడనో లేదా వారిని భయపెట్టాడనో, ప్రమాదంలో పడేంతగా తనను తాను చూసుకోలేకపోతున్నాడనో ఇద్దరూ తేల్చాలి. కాబట్టి ఇంటివాళ్లు ఏ రోజు ఏం జరిగింది, ఎన్నాళ్లుగా నిద్రాహారాలు లేవు, ఏ మందు ఎప్పుడు మానేశారు అన్నవి తేదీలతో రాసుకెళ్లాలి. "పిచ్చిగా చేస్తున్నాడు" అన్న ఒక్క మాటతో డాక్టరుకు పనికొచ్చేదేమీ అందదు.

ఈ అడ్మిషన్ 30 రోజులకు మించదు. రివ్యూ బోర్డుకు ఆసుపత్రి సమాచారం పంపాలి: మహిళ లేదా మైనర్ అయితే 3 రోజుల్లో, మిగతావారికి 7 రోజుల్లో. సమ్మతి ఇచ్చే శక్తి తిరిగి వచ్చిందేమో ప్రతి 7 రోజులకూ చూడాలి. రోగికి దాదాపు పూర్తి సాయం కావాల్సిన స్థితిలో మాత్రమే ప్రతినిధి తాత్కాలికంగా అతని బదులు చికిత్సకు ఒప్పుకోవచ్చు. శక్తి తిరిగి రాగానే మళ్లీ రోగినే అడగాలి.

30 రోజులు దాటినా, డిశ్చార్జి అయిన 7 రోజుల్లోపు మళ్లీ చేర్చాల్సి వచ్చినా 90వ సెక్షన్ కిందికి వెళ్లాలి. ఇక్కడ ఇద్దరూ సైకియాట్రిస్టులే కావాలి, బోర్డు అనుమతీ ఉండాలి. మొదట 90 రోజులు, తర్వాత 120, ఆపైన ప్రతిసారీ 180 రోజుల వరకు పొడిగించవచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఏమీ అర్థం కాని స్థితిలో ఉన్న మనిషి చేత స్వతంత్ర అడ్మిషన్ ఫారంపై సంతకం పెట్టించి, తర్వాత వార్డులో తాళం వేసి ఉంచడం. కాగితం మీద అతను ఇష్టపడి చేరినట్టే ఉంటుంది గనుక బోర్డుకు కబురు పోదు, గడువు లెక్క మొదలవదు, అడిగేవాళ్లు ఉండరు. ఫారంపై ఏ సెక్షన్ రాశారో చూడకుండా సంతకం పెట్టకండి. రిజిస్ట్రేషన్ లేని "పునరావాస కేంద్రం" వాళ్లు నలుగురు మనుషులతో వచ్చి ఎత్తుకుపోతామంటే ఒప్పుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా రోగుల్ని చేర్చుకోవడమే నేరం.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇద్దరి పరీక్ష కోసం ఆగక్కర్లేదు. 94వ సెక్షన్ కింద ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా, ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి సమ్మతితో, ఇంటి దగ్గరే చికిత్స మొదలుపెట్టి దగ్గరి ఆసుపత్రికి పంపించవచ్చు. దీనికి 72 గంటలే గడువు. ఈ పేరుతో షాక్ ట్రీట్‌మెంట్ ఇవ్వకూడదు.

రోడ్డు మీద దిక్కులేకుండా తిరుగుతున్నవారి విషయంలో పోలీసుల బాధ్యత 100వ సెక్షన్‌లో ఉంది. రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లోగానీ జైల్లోగానీ ఉంచకూడదు. ఇల్లూవాకిలీ లేనివారైతే తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. ఇంట్లోనే బంధించి హింసిస్తుంటే లేదా పట్టించుకోకుండా వదిలేస్తే, స్టేషన్ ఇన్‌ఛార్జి మేజిస్ట్రేటుకు నివేదించాలి. మేజిస్ట్రేటు పరీక్షకు పంపవచ్చు, గరిష్ఠంగా 10 రోజుల అడ్మిషన్‌కు ఆదేశించవచ్చు.

గొలుసుతో కట్టడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందుకే పాతిక మందికి పైగా పారిపోలేక కాలిపోయారు. ఒంటరి గదిలో బంధించడమూ ఎక్కడా చెల్లదు. ఆసుపత్రిలో తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే మార్గం లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే కదలకుండా పట్టి ఉంచవచ్చు. ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ.

అడ్మిషన్‌ను ప్రశ్నించాలంటే రోగి గానీ, ప్రతినిధి గానీ బోర్డుకు దరఖాస్తు ఇవ్వవచ్చు. 89వ సెక్షన్ కేసుల్లో 7 రోజుల్లో బోర్డు తేల్చాలి. వకీలును పెట్టుకునే స్థోమత లేకపోయినా ఆగిపోనక్కర్లేదు, 27వ సెక్షన్ ఉచిత న్యాయ సహాయం ఇస్తోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి లేదా 15100కు ఫోన్ చేయండి. ఇంతవరకూ రాకముందే సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.