కాలువగట్టు మీద రొమ్ము క్యాన్సర్ నడక: ముందే చూసుకోవాల్సినవి

అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల. మన కోనసీమలో వాయుగుండాల కాలం కూడా అదే. అమలాపురం వైపు నడక పెట్టుకుంటే ముందు రోజు వాతావరణ హెచ్చరిక చూడండి. వాన పడితే గట్టంతా జారుడు. కల్యాణ మండపం ఒకటి మాట్లాడి ఉంచుకోండి.

విరాళాల డబ్బు సంగతి. వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టేముందు ఒక్క రూపాయి పంపి, ఫోనులో వచ్చే పేరు సంస్థదేనా చూడండి. సొంత ఖాతా వద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. వంద ఇచ్చినా రసీదు ఇవ్వాలి. నగదు రూ. 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదని దాతకు ముందే చెప్పండి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ఫొటోల దగ్గర. కీమోతో జుట్టు ఊడినావిడ తలకు చున్నీ చుట్టుకుని వెనక వరసలో కూర్చుంటుంది. "గ్రూపులో పెట్టొచ్చా అక్కా?" అని పక్కకు పిలిచి అడగండి. మొహమాటానికి తలూపితే అది ఒప్పుకోవడం కాదు. పెళ్లికెదిగిన కూతురున్న ఇంట్లో ఈ జబ్బు పేరు బయటపడితే ఎంత టెన్షనో మనకు తెలుసు.

పరీక్షలు కూడా ఉంటే లేడీ డాక్టరు, గడియ పడే గది తప్పనిసరి. మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) రోజు చంకల్లో పౌడరు, డియోడరెంటు వద్దనండి. ఎక్స్‌రేలో మచ్చల్లా కనబడతాయి. "గడ్డే కదా, నొప్పి లేదు" అని వెళ్లిపోయేవాళ్లను ఆపండి. క్యాన్సర్ గడ్డలు చాలావరకు మొదట్లో నొప్పి పెట్టవు. తేడా కనబడినవాళ్లకు తోడుగా కాకినాడకో రాజమండ్రికో ఎవరు వెళ్తారో, ఆ పేర్లు ముందే రాసుకోండి.