బ్రౌజర్‌లో పాత గేమ్ బీప్: చివర వచ్చే 'టక్' ఇలా పోయింది

వెబ్ ఆడియోలో (బ్రౌజర్‌లో కోడ్‌తో శబ్దం పుట్టించే సదుపాయం) ఆసిలేటర్‌ను, అంటే ధ్వని అలను పుట్టించే భాగాన్ని, ఒక్కసారిగా ఆపితే బీప్ చివర 'టక్'మంటుంది. అల సున్నా దగ్గర కాక మధ్యలో తెగడమే కారణం. శబ్దం స్థాయిని మార్చే గెయిన్ నోడ్ పెట్టి, దాన్ని 0.015 సెకన్లలో సున్నాకు దించి, ఆ తర్వాతే స్టాప్ ఇస్తే పోయింది. ఇలా సమంగా దించే లీనియర్ ర్యాంప్‌కు ముందు, దిగడం మొదలయ్యే క్షణానికి స్థాయిని ఖాయం చేసే సెట్‌వాల్యూఎట్‌టైమ్ ఆదేశం తప్పనిసరి. లేకపోతే దిగడం స్వరం మొదట్లోనే మొదలై బీప్ మొత్తం నీరసపడుతుంది.

ఇక అసలు రుచి డ్యూటీలో, అంటే ఒక్కో ఆవృత్తిలో చతురస్రపు అల పైన ఉండే వంతులో ఉంది. 1983 నాటి నింటెండో గేమ్ యంత్రం ఫామికామ్‌లో, ఇలాంటి అలను పలికించే పల్స్ ఛానెళ్లలో 12.5, 25, 50, 75 శాతం ఉండేవి. బ్రౌజర్ 'స్క్వేర్' 50 ఒక్కటే. ముక్కుతో పాడినట్టుండే ఆ సన్నని 12.5 ఎంత బాగుంటుందో! దానికి పీరియాడిక్ వేవ్ (హార్మోనిక్‌ల బలాలు ఇచ్చి మనమే తయారుచేసే అల) కట్టాలి: రియల్ అర్రేలో (కొసైన్ భాగాల జాబితా) ఎన్‌వ హార్మోనిక్‌కు, అంటే మూల స్వరానికి ఎన్ రెట్ల పౌనఃపున్యానికి, సైన్(ఎన్ × పై × 0.125) ÷ ఎన్. ప్రతి 8వ హార్మోనిక్ దాదాపు సున్నా వస్తే లెక్క సరిపోయినట్టే.